సీజన్ టికెట్ వేరేవాళ్లకి ఇవ్వడం: ఇంగ్లండ్‌లో ఏది చెల్లుతుంది, ఏది నేరం?

ప్రశ్న: బందరు_టు_లండన్

అందరికీ నమస్తే. లండన్‌లో ఒక ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్‌వి మా ఇంట్లో రెండు సీజన్ టికెట్లున్నాయి (క్లబ్ సొంత స్టేడియంలో ఆడే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ, అంటే హోమ్ మ్యాచ్‌లకి, ఒకే సీటు). నాది పెద్దవాళ్ల రేటు, సీజన్‌కి 1,140 పౌండ్లు. పక్క సీటు మా అబ్బాయిది, వాడికి 11 ఏళ్లు, జూనియర్ రేటు. డిసెంబరు 18 నుంచి సంక్రాంతి వెళ్లేదాకా బందరులో ఉంటాం. ఈలోపు నాలుగు హోమ్ మ్యాచ్‌లు పోతున్నాయి. క్లబ్ షరతుల పేజీ రెండుసార్లు చదివాను గానీ, ఏది చెయ్యొచ్చో ఏది చెయ్యకూడదో తేలలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

1. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో టికెట్ పెట్టొచ్చా? లాభం అక్కర్లేదు, నాకు పడిన ధరకే ఇస్తాను.

2. ఫిబ్రవరిలో మా బావమరిది హైదరాబాదు నుంచి వస్తున్నాడు. ఒక మ్యాచ్‌కి నా బదులు వాణ్ని పంపాలి. పాస్ (డిజిటల్ టికెట్) ఉన్న నా ఫోన్ చేతికిచ్చి పంపితే సరిపోతుందా?

3. అబ్బాయి సీట్లో పెద్దవాళ్లు కూర్చోవచ్చా?

4. పట్టుబడితే ఎంతవరకు వెళ్తుంది? స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను, అందుకే అడుగుతున్నాను.

---

పడమటి_గ్యాలరీ

ముందు మీ మొదటి ప్రశ్న చూద్దాం, ఎందుకంటే అక్కడే ఎక్కువమంది బోల్తా పడుతున్నారు. "లాభం తీసుకోవట్లేదు కదా, తప్పేముంది" అనుకుంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఫుట్‌బాల్ టికెట్ విషయంలో చట్టం ధరను చూడదు. టికెట్ ఏ దారిలో చేతులు మారిందో చూస్తుంది.

1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ యాక్ట్‌లో సెక్షన్ 166 ఉంది. మ్యాచ్ నిర్వాహకుల నుంచి రాతపూర్వక అనుమతి లేనివాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్ అమ్మినా, మరో విధంగా ఇంకొకరికి అప్పగించినా నేరమే. 2006లో సవరించి దీన్ని ఇంకా బిగించారు. ఇప్పుడు "అమ్మడం" అనే మాటలో ఏమేం పడతాయో చూడండి: అమ్ముతానని చెప్పడం, అమ్మకానికి బయట పెట్టడం, టికెట్ ఉందని ప్రకటించడం, అమ్మిపెట్టమని వేరేవాళ్లకివ్వడం. చివరికి మరేదో వస్తువో సేవో కొన్నవాళ్లకి టికెట్ ఊరికే ఇచ్చినా అమ్మకం కిందికే వస్తుంది. అంటే "గది అద్దెకి తీసుకుంటే మ్యాచ్ టికెట్ ఫ్రీ" అన్నది కూడా నేరమే. ధర గురించి ఈ సెక్షన్‌లో ఎక్కడా షరతు లేదు. 60 పౌండ్ల టికెట్‌ని 60కి అమ్మినా, 40కి అమ్మినా అదే సెక్షన్.

కాబట్టి వాట్సాప్ గ్రూపులో "శనివారం మ్యాచ్‌కి ఒక టికెట్ ఉంది, కావలసినవాళ్లు పింగ్ చెయ్యండి" అని పెట్టారంటే, ఎవరూ కొనకపోయినా ప్రకటించడం జరిగిపోయినట్టే. మూడు వందల మంది ఉన్న గ్రూపుని స్నేహితుల మధ్య మాటగా ఎవరూ లెక్కపెట్టరు. అందులో ఎవరెవరు ఉన్నారో మీకే తెలియదు. స్క్రీన్‌షాట్‌లో మీ పేరూ నంబరూ ఉంటాయి, స్టాండ్‌లో ఏ భాగం, ఏ వరస అన్నది కూడా రాశారంటే మీ సీటు ఏదో క్లబ్ కనిపెట్టడానికి నిమిషం చాలు.

మరి స్నేహితులకి ఇచ్చుకోవడం ఎలా కుదురుతోందంటే, ఆ రాతపూర్వక అనుమతి క్లబ్ షరతుల్లోనే ఉంటుంది. చాలా క్లబ్బుల టికెట్ నిబంధనల్లో దాదాపు ఒకే అర్థమిచ్చే వాక్యం ఉంటుంది: కుటుంబ సభ్యుడికో, స్నేహితుడికో, వాళ్ల సొంత వాడకానికి, ముఖ విలువకి (టికెట్ అసలు ధరకి) మించకుండా, క్లబ్ చెప్పిన పద్ధతిలో ఇవ్వొచ్చు. ఈ నాలుగు ముక్కల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ అనుమతి మీకు వర్తించదు. "క్లబ్ చెప్పిన పద్ధతిలో" అన్నదాన్నే జనం వదిలేస్తారు. అసలు గొడవంతా దానిదే.

ఫుట్‌బాల్‌కే ఈ పట్టింపు ఎందుకు అనిపించవచ్చు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగి 97 మంది చనిపోయారు. దాని మీద 1990 జనవరిలో వచ్చిన జడ్జి టేలర్ విచారణ తుది నివేదిక టికెట్ల బ్లాకు అమ్మకాన్ని నేరం చెయ్యమని చెప్పింది. ఇక్కడ స్టేడియంలో రెండు జట్ల అభిమానులను విడివిడిగా కూర్చోబెట్టడం మీదే భద్రత అంతా నడుస్తుంది. ఎదుటి జట్టు అభిమాని మీ సీటు కొనుక్కుని మీ స్టాండ్‌లో కూర్చుని గోల్ పడగానే లేచి అరిచాడంటే గొడవ అక్కడే మొదలవుతుంది. అందుకే ఏ సీట్లో ఎవరున్నారో తెలియాలని క్లబ్బులు అంత పట్టుబడతాయి.

ఇక నాలుగో ప్రశ్న. ఇందులో రెండు మెట్లున్నాయి, కలిపి చూడకండి.

మొదటిది క్లబ్ వేసే శిక్ష. దీనికి పోలీసులు అక్కర్లేదు, నేరం రుజువు కావాల్సిన పని కూడా లేదు. షరతు ఉల్లంఘించారు, అంతే. ఆ మ్యాచ్ టికెట్ రద్దు చేస్తారు, డబ్బు వెనక్కివ్వరు. ఖాతా కొన్ని మ్యాచ్‌లకి గానీ, సీజన్ మొత్తానికి గానీ ఆపేస్తారు. సీజన్ టికెట్ వెనక్కి తీసుకోవడం, లాయల్టీ పాయింట్లు కోసెయ్యడం, ఎక్కువ ధరకి అమ్మినవాళ్లకి జీవితకాల నిషేధం ఇవన్నీ మామూలుగా పడేవే. ఒకే చిరునామా, ఒకే కార్డు, ఒకే ఫోన్‌తో ముడిపడ్డ మిగతా ఖాతాల మీద కూడా కన్ను పడుతుంది. మీ విషయంలో అంటే అబ్బాయి సీటు కూడా చిక్కులో పడొచ్చు.

రెండోది కోర్టు. సెక్షన్ 166 కింద శిక్ష పడితే జరిమానా లెవెల్ 5. ఒకప్పుడు అది 5,000 పౌండ్లకి మించేది కాదు, 2015 మార్చి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో దానికి పైహద్దు లేదు. జరిమానా కంటే బరువైనది ఫుట్‌బాల్ బ్యానింగ్ ఆర్డర్. టికెట్ బ్లాకు అమ్మకం ఆ జాబితాలో ఉన్న నేరమే. జైలుశిక్ష పడని కేసుల్లో ఆ ఆర్డర్ కనీసం 3, గరిష్ఠంగా 5 ఏళ్లు ఉంటుంది. స్టేడియాలకి వెళ్లకూడదు. విదేశాల్లో పెద్ద టోర్నీలు జరిగేటప్పుడు పాస్‌పోర్టు పోలీసులకి అప్పగించమనొచ్చు. దాన్ని మీరితే ఆరు నెలల దాకా జైలు.

వీసా సంగతి: క్లబ్ వేసిన నిషేధం క్రిమినల్ రికార్డు కాదు. కోర్టులో పడిన శిక్ష మాత్రం, వట్టి జరిమానా అయినా, వీసా పొడిగింపు దరఖాస్తులోనూ ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) దరఖాస్తులోనూ చెప్పి తీరాలి. దాచితే అది ఇంకో పెద్ద తప్పు. ఒక్క మ్యాచ్ టికెట్ కోసం అంత దూరం వెళ్లే పని పెట్టుకోకండి.

---

టర్న్‌స్టైల్_12

పడమటి గ్యాలరీ గారు చట్టం బాగా చెప్పారు. నాలుగు మ్యాచ్‌లకి మీరు చెయ్యాల్సిన పని నేను చెప్తాను. మీకు సరైన దారులు రెండే: ట్రాన్స్‌ఫర్, ఎక్స్ఛేంజ్.

ట్రాన్స్‌ఫర్ (కొన్ని క్లబ్బులు దీన్నే ఫార్వర్డ్ అంటాయి) అంటే మీకు తెలిసిన ఒక మనిషికి ఆ మ్యాచ్ వరకు మీ సీటు పంపడం. తీసుకునేవాళ్లకి ఆ క్లబ్‌లో సొంత ఖాతా, సపోర్టర్ నంబర్ ఉండాలి. చాలాచోట్ల మెంబర్ అయ్యుండాలి కూడా. కొన్ని క్లబ్బుల్లో ముందే "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" జాబితాలో చేర్చుకోవాలి. ఆ జాబితాకి పరిమితి ఉంటుంది, కొత్త పేరు చేరిన వెంటనే పంపనివ్వని క్లబ్బులూ ఉన్నాయి. అందుకని పేర్లు ఇప్పుడే చేర్చి పెట్టుకోండి, మ్యాచ్ రోజు పొద్దున కూర్చుంటే కుదరదు.

ఇందులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మీరు పంపారు, అవతలివాళ్లు మెయిల్ చూసుకోలేదు, "యాక్సెప్ట్" నొక్కలేదు. మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు గడువు ముగుస్తుంది, సీటు ఖాళీ. ఇంకొకటి: వాళ్లు యాక్సెప్ట్ చేశాక కూడా మీ ఫోన్ వాలెట్‌లో పాత పాస్ కనబడుతూనే ఉండొచ్చు. అది చచ్చిన పాస్. దాన్ని గేటు దగ్గర పెడితే ఎర్ర లైటే. మీ దగ్గరి నుంచి వచ్చిన టికెట్‌ని వాళ్లు మళ్లీ ఇంకొకరికి పంపడం సాధారణంగా కుదరదు. వాళ్లకి వీలు కాకపోతే మీకు తిప్పి పంపమనండి.

ఎక్స్ఛేంజ్ అంటే సీటుని క్లబ్‌కే అప్పగించడం. క్లబ్ దాన్ని ఇంకో మెంబర్‌కి అమ్ముతుంది, మీకు ఆ మ్యాచ్ వాటా వస్తుంది. లీగ్‌లో హోమ్ మ్యాచ్‌లు 19. మీ 1,140ని 19తో భాగిస్తే మ్యాచ్‌కి 60 పౌండ్లు. చాలా క్లబ్బులు ఇందులోంచి కొంత రుసుము తీసుకుంటాయి, డబ్బు బ్యాంకులో వెయ్యకుండా వచ్చే ఏడాది రెన్యువల్‌లో తగ్గించేవీ ఉన్నాయి. మీ ఖాతా పేజీలో "క్రెడిట్" అని ఉందా, "రీఫండ్" అని ఉందా చూసుకోండి. సీజన్ టికెట్‌లో కప్ మ్యాచ్‌లు కూడా కలిసి ఉంటే 19తో భాగించడం సరిపోదు, లెక్క మారుతుంది.

గుర్తుంచుకోవాల్సినవి మూడున్నాయి. ఒకటి, అమ్ముడైతేనే డబ్బు. పెట్టినంత మాత్రాన రాదు. రెండు, చాలా క్లబ్బుల్లో ఆ మ్యాచ్ టికెట్లన్నీ అయిపోయాకే ఎక్స్ఛేంజ్ తెరుస్తారు, అందుకని డిసెంబరు మ్యాచ్‌లకి బటన్ ఇప్పుడు కనబడకపోతే కంగారుపడకండి. మూడు, అమ్ముడుపోయాక వెనక్కి తీసుకోలేరు. ప్రయాణం రద్దయినా సరే.

నేనైతే ఇలా చేస్తాను. పెద్ద జట్టుతో మ్యాచ్ ఉంటే ఎక్స్ఛేంజ్‌లో పెడితే చాలు, నిమిషాల్లో పోతుంది. చలికాలం మంగళవారం రాత్రి, పట్టిక అడుగున ఉన్న జట్టుతో మ్యాచ్ అయితే అంత నమ్మకం లేదు. దాన్ని తెరిచిన రోజే పెట్టి, మ్యాచ్‌కి రెండు రోజుల ముందు దాకా పోకపోతే వెనక్కి తీసి, ఊళ్లో ఉన్న స్నేహితుడికి ట్రాన్స్‌ఫర్ చెయ్యాలి. మీరు బందరులో ఉంటారు కాబట్టి టైమ్ తేడా లెక్క వేసుకోండి: డిసెంబరు, జనవరిలో ఇండియా ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ మధ్యాహ్నం 12 గడువు అంటే మీకు సాయంత్రం 5:30. బ్యాంకు, క్లబ్ ఓటీపీలు మీ బ్రిటన్ నంబరుకే వస్తాయి, అక్కడ రోమింగ్ పనిచేసేలా చూసుకోండి. లేకపోతే ఖాతాలోకే వెళ్లలేరు.

సీటు ఊరికే ఖాళీగా వదిలేద్దాం అనుకోకండి. సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లకి సీటు "వాడి తీరాలి" అని లెక్క పెట్టే క్లబ్బులు ఇప్పుడు చాలా ఉన్నాయి. మీరు వెళ్లడం, ట్రాన్స్‌ఫర్ అయిన మనిషి వెళ్లడం, ఎక్స్ఛేంజ్‌లో పెట్టడం ఇవన్నీ సాధారణంగా వాడినట్టే లెక్క. ట్రాన్స్‌ఫర్ చేశాక ఆ మనిషి గేటు దాటకపోతే మాత్రం కొన్నిచోట్ల లెక్కలోకి రాదు. అలాగే మరీ ఎక్కువ మ్యాచ్‌లు ట్రాన్స్‌ఫర్ చేసినా, ప్రతిసారీ కొత్త మనిషికి పంపినా, ఆ తీరు వాళ్ల కంప్యూటర్లో ఎర్రగా కనబడుతుంది. నాలుగు మ్యాచ్‌లకి నలుగురు కొత్త మనుషుల కంటే, ఇద్దరు తెలిసినవాళ్లకి ఒక్కోటి పంపి, మిగతావి ఎక్స్ఛేంజ్‌లో పెట్టడం నయం.

---

నార్త్‌బ్యాంక్_నెల్లూరు

బావమరిది సంగతి, అబ్బాయి సీటు సంగతి నేను చెప్తానన్నా.

ముందు అబ్బాయి సీటు. పెద్దవాళ్లు అలా నేరుగా కూర్చోకూడదు. జూనియర్ పాస్ గేటు రీడర్ మీద పెట్టగానే వేరే రంగు లైటు వెలుగుతుంది. గేటు పక్కనున్న స్టీవార్డు (స్టేడియం సిబ్బంది) చూసేది ఆ లైటునే. ఆరడుగుల మనిషి నడిచొస్తుంటే జూనియర్ లైటు వెలిగితే పక్కకి పిలుస్తారు. టికెట్ ఆ రోజుకి రద్దు, తరవాత మెయిల్ మీకే వస్తుంది. చెయ్యాల్సిన పని ఏంటంటే, మ్యాచ్‌కి ముందు "అప్‌గ్రేడ్" చెయ్యాలి. ఆ మ్యాచ్‌కి పెద్దవాళ్ల రేటుకీ జూనియర్ రేటుకీ ఉన్న తేడా కట్టేస్తే సీటు అడల్ట్‌గా మారుతుంది. కొన్ని క్లబ్బుల్లో యాప్‌లోనే అవుతుంది, కొన్నిచోట్ల టికెట్ ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. ఫ్యామిలీ స్టాండ్ అయితే ఇంకో మడత: అక్కడ పిల్లలు లేకుండా పెద్దవాళ్లనే కూర్చోనివ్వరు, అప్‌గ్రేడ్ కూడా ఇవ్వకపోవచ్చు. అప్పుడు ఇంకో పిల్లాడికో పాపకో ట్రాన్స్‌ఫర్ చెయ్యడమే.

ఇక బావమరిది. ఫోన్ చేతికిచ్చి పంపొద్దన్నా. మీ లాగిన్ అసలే ఇవ్వొద్దు. బ్లాకులో అమ్మేవాళ్లు చేసేది సరిగ్గా అదే. పాస్ ఎక్కించిన పాత ఫోన్లు కొన్నవాళ్ల చేతిలో పెట్టి, మ్యాచ్ అయ్యాక వెనక్కి తీసుకుంటారు. అందుకే స్టీవార్డులు "మీ పేరేంటి, ఈ పాస్ మీద ఉన్న పేరేంటి" అని అడగడం నేర్చుకున్నారు. ఐడీ అడిగితే బావమరిది పాస్‌పోర్టు మీద ఒక పేరు, పాస్ మీద ఇంకో పేరు. ఇంటి మనిషే అయినా, చూసేవాళ్లకి బ్లాకు టికెట్‌లాగే ఉంటుంది.

సరైన పద్ధతి: హైదరాబాదులో ఉండగానే క్లబ్ సైట్‌లో సొంత ఖాతా తెరవమనండి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది కదా, అక్కడే తికమక. మెంబర్‌షిప్ కావాలంటే తీసుకోవాలి, ఆ ఖర్చు ముందే చూసుకోండి. తరవాత మీరు ట్రాన్స్‌ఫర్ చేస్తే వాళ్ల ఫోన్‌కే పాస్ వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు ఫోన్. పాస్ గేటు దగ్గర ఎన్ఎఫ్‌సీ (ఫోన్‌ని రీడర్‌కి ఆనిస్తే పనిచేసే పద్ధతి) మీద నడుస్తుంది. స్క్రీన్‌షాట్ పనిచెయ్యదు. ఐఫోన్ అయితే ఇబ్బంది లేదు, ఆపిల్ వాలెట్‌లో కార్డు ఏదీ లేకపోయినా పాస్ ఎక్కుతుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాలెట్ కావాలి. అది 2024 మేలో ఇండియాలో కూడా వచ్చింది కాబట్టి అక్కడ ఉండగానే వేసుకోవచ్చు. కానీ మన దగ్గర అమ్మే మధ్యరకం ఫోన్లు చాలావాటిలో ఎన్ఎఫ్‌సీ చిప్పే ఉండదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి "ఎన్ఎఫ్‌సీ" అని వెతకమనండి. ఆ వరస కనబడకపోతే ఆ ఫోన్‌తో గేటు దాటడం కష్టం. అలాంటప్పుడు మ్యాచ్‌కి రెండు మూడు రోజుల ముందే టికెట్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, పాస్‌పోర్టు చూపించి కాగితం టికెట్ తీసుకునే వీలుందా అడగండి. మ్యాచ్ రోజు ఆ కౌంటర్ ముందు లైను చాంతాడంత ఉంటుంది.

పాస్‌ని ఇంట్లో వైఫై ఉండగానే వాలెట్‌లోకి దించుకోవాలి. స్టేడియం చుట్టూ అరవై వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే డేటా కదలదు. గేటు దగ్గర ఫోన్ పైభాగాన్ని రీడర్‌కి ఆనించి ఒక క్షణం కదపకుండా ఉంచాలి. ఫోన్ వెనక కవర్లో మెట్రో కార్డు, బ్యాంకు కార్డు దాచుకునే అలవాటుంటే తీసెయ్యమనండి, రీడర్ ఆ కార్డుని చదివి ఎర్ర లైటు చూపిస్తుంది. బ్యాగు ఏ4 కాగితం కంటే పెద్దదైతే చాలా స్టేడియాల్లో లోపలికి రానివ్వరు.

ఆఖరుగా, ఇది చిన్న విషయం అనుకోకండి: బావమరిది ఏ జట్టు అభిమాని? ఆ రోజు ఆడే ఎదుటి జట్టు అయితే ఇవ్వొద్దు. ఆ జట్టు జెర్సీ, స్కార్ఫ్ మీ స్టాండ్‌లో కనబడితే బయటికి పంపేస్తారు. సీజన్ టికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లదే బాధ్యత. మీరిచ్చిన మనిషి లోపల సిగరెట్ వెలిగించినా, తిట్టినా, మైదానంలోకి దిగినా శిక్ష మీ సీజన్ టికెట్ మీదే పడుతుంది.

---

బందరు_టు_లండన్

అందరికీ ధన్యవాదాలు. గ్రూపులో పోయిన వారం పెట్టిన మెసేజ్ తీసేశాను, ఎవరూ అడగలేదు కూడా. జవాబులు చదివాక ఇంకో రెండు అనుమానాలు. మా ఆఫీసులో ఒకాయన దగ్గర "అవే" (away) మ్యాచ్‌కి, అంటే మన క్లబ్ ఎదుటి జట్టు స్టేడియంలో ఆడే మ్యాచ్‌కి, లాయల్టీ పాయింట్ల మీద వచ్చిన టికెట్ ఉంది, తను వెళ్లట్లేదు, నాకిస్తానంటున్నారు. తీసుకోవచ్చా? రెండోది, క్లబ్ నుంచి "మీ ఖాతా ఆపేశాం" అని మెయిల్ వస్తే ఏం చెయ్యాలి?

---

పడమటి_గ్యాలరీ

అవే టికెట్ జోలికి మాత్రం వెళ్లకండి. హోమ్ టికెట్ కంటే అక్కడ పట్టు చాలా ఎక్కువ.

ప్రీమియర్ లీగ్‌లో వచ్చే జట్టు అభిమానులకి ఇవ్వాల్సినవి 3,000 టికెట్లు, చిన్న స్టేడియం అయితే మొత్తం సీట్లలో 10 శాతం. 2016–17 సీజన్ నుంచి పెద్దవాళ్ల అవే టికెట్ 30 పౌండ్లకి మించకూడదు. అంటే సరుకు తక్కువ, ధర తక్కువ, అడిగేవాళ్లు వేలల్లో. ఎవరికి దొరకాలో తేల్చేది ఏళ్ల తరబడి కూడబెట్టిన పాయింట్లు. మీ ఆఫీసాయన టికెట్ మీకిచ్చి ఇంట్లో కూర్చుంటే, వెళ్లని మ్యాచ్‌కి ఆయనకి పాయింట్లు పడతాయి. నిజంగా ప్రతి మ్యాచ్‌కీ వెళ్లేవాళ్ల వరస వెనక్కి పోతుంది. అందుకే కొన్ని క్లబ్బులు ఎంపిక చేసిన కొందరి టికెట్లు ముందు పంపవు. మ్యాచ్ రోజు అవతలి స్టేడియం దగ్గర ఫొటో ఐడీ చూపించి తీసుకోవాలి. ఆ జాబితాలో ఆయన పేరు వచ్చిందంటే మీరు వెళ్లి తీసుకోలేరు. ఆయన పాయింట్లన్నీ పోయే ప్రమాదం ఉంది. వెళ్లట్లేదంటే గడువులోగా క్లబ్‌కే తిప్పి ఇవ్వమని చెప్పండి, అది వరసలో తరవాతి మనిషికి వెళ్తుంది.

ఇక మెయిల్ వస్తే. ముందు అందులో జవాబు గడువు ఎన్ని రోజులో చూడండి. వారమో రెండు వారాలో ఉంటుంది, దాటితే మీ మాట వినరు. ఆవేశంగా రాయకండి. ఏ మ్యాచ్, ఏ సీటు, ఏ షరతు మీరానంటున్నారు అని అడగండి. వాళ్ల దగ్గర మీ గురించి ఉన్న సమాచారం అంతా ఇమ్మని డేటా చట్టం కింద అడిగే హక్కు మీకుంది. మామూలుగా నెలలోగా ఇవ్వాలి. గేటు ఏ నిమిషంలో తెరుచుకుంది, పాస్ ఏ ఖాతాకి ఎప్పుడు వెళ్లింది అనే లాగ్‌లు అందులో వస్తాయి. "నేను ఎక్స్ఛేంజ్‌లోనే పెట్టాను" అని నోటితో అనడం కంటే ఆ లాగ్ ఒక్కటి చాలు. అందుకే ట్రాన్స్‌ఫర్ చేసిన ప్రతిసారీ వచ్చే కన్ఫర్మేషన్ మెయిల్ తీసెయ్యకుండా ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. స్నేహితుడి దగ్గర ముఖ విలువ తీసుకోవడానికి మీ క్లబ్ షరతులు ఒప్పుకుంటే, ఆ 60 పౌండ్లు బ్యాంకు ద్వారానే తీసుకోండి. సరిగ్గా అంతే వచ్చిందని అదే రుజువు.

క్లబ్ అప్పీలు కొట్టేస్తే లీగ్‌కి, అక్కడా తేలకపోతే ఇండిపెండెంట్ ఫుట్‌బాల్ ఆంబుడ్స్‌మన్‌కి (అభిమానుల ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థ) రాయొచ్చు, ఖర్చు లేదు. ఆ తీర్పుని క్లబ్ పాటించి తీరాలన్న నిబంధన లేదు. కానీ శిక్ష మరీ ఎక్కువైందనో, మీ వాదన వినకుండా వేశారనో అక్కడ తేలితే, మళ్లీ క్లబ్‌ని అడగడానికి మీ చేతిలో గట్టి కాగితం ఉంటుంది.

---

డోర్ట్‌ముండ్_నుంచి

జర్మనీలో చదువుకునే మన పిల్లలు ఇది చదివి "ఇక్కడా అంతే" అనుకోకుండా రెండు ముక్కలు. బుందెస్‌లీగాలో (జర్మన్ ఫుట్‌బాల్ లీగ్) ముఖ విలువకి స్నేహితుడికి ఇచ్చుకోవడం నేరం కాదు. వెళ్లలేకపోతే సొంతంగా, లాభం లేకుండా ఇవ్వొచ్చని క్లబ్ షరతుల్లోనే ఉంటుంది. కానీ లాభానికి అమ్మితే, వేలంలో పెడితే, ఒప్పందం మీరినందుకు జరిమానా రాసి ఉంటుంది. చాలా క్లబ్బుల షరతుల్లో అది 2,500 యూరోల దాకా. 2008లో జర్మన్ ఫెడరల్ కోర్టు హాంబర్గ్ క్లబ్ కేసులో ఈ గీత గీసింది: అమ్ముకునే ఉద్దేశం దాచి క్లబ్ నుంచి టికెట్లు కొనే వ్యాపారిని క్లబ్ ఆపొచ్చు, మామూలు అభిమాని దగ్గర కొన్న వ్యాపారిని ఆ కారణంతో ఆపలేదు.

అమెరికాలో ఉన్న బంధువుల సలహా మాత్రం ఇంగ్లండ్‌లో వాడకండి. అక్కడ సీజన్ టికెట్ ఉన్నవాళ్లు వెళ్లని మ్యాచ్‌లని రీసేల్ సైట్లో పెట్టడం మామూలు విషయం. ఇంగ్లండ్‌లో ఆ సైట్లే, వయాగోగో, స్టబ్‌హబ్, వివిడ్ సీట్స్, ప్రీమియర్ లీగ్ "అనుమతి లేని సైట్లు" అని ప్రకటించిన జాబితాలో ఉన్నాయి. అందులో కొనడం ఈ సెక్షన్ 166 కింద నేరం కాదు, అమ్మినవాళ్లదే నేరం. కానీ గేటు దగ్గర పాస్ చచ్చిపోతే విమానం ఎక్కి వచ్చినవాళ్లు బయటే నిలబడాలి. ఇండియా నుంచి మ్యాచ్ చూడటానికి వచ్చే చుట్టాలకి, సీటు ఇచ్చేవాళ్లు లేకపోతే, క్లబ్ మెంబర్‌షిప్ తీసుకుని ఎక్స్ఛేంజ్‌లో ప్రయత్నించడం, లేదా ధర ఎక్కువైనా క్లబ్ నేరుగా అమ్మే హాస్పిటాలిటీ ప్యాకేజీ కొనడం, ఈ రెండే చెప్పండి.

---

టర్న్‌స్టైల్_12

ఒకటి మర్చిపోయాను. బావమరిది విమాన టికెట్ కొనేముందు మ్యాచ్ తేదీ చూడండి. ఫిక్స్చర్ జాబితాలో శనివారం 3 గంటలకి అని ఉన్నది, టీవీ ఎంపికలు ప్రకటించాక శుక్రవారం రాత్రికో, ఆదివారానికో, సోమవారం రాత్రికో జరుగుతుంది. ఎదుటి జట్టు కప్‌లో ముందుకెళ్తే మ్యాచ్ మొత్తంగా వాయిదా పడి మార్చి, ఏప్రిల్‌కి కూడా పోవచ్చు. ట్రాన్స్‌ఫర్ చేసిన టికెట్ కొత్త తేదీకి కూడా ఆ మనిషి పేరు మీదే ఉంటుంది. బావమరిది అప్పటికి హైదరాబాదు వెళ్లిపోయి ఉంటే, ఆ ఖాతాలోంచి మీకు తిప్పి పంపాల్సింది వాళ్లే. లాగిన్ మర్చిపోకుండా ఆ మెయిల్, పాస్‌వర్డ్ ఎక్కడో రాసి పెట్టుకోమనండి. టీవీ తేదీలు వచ్చేదాకా ట్రాన్స్‌ఫర్ బటన్ నొక్కకపోవడం ఇంకా మంచిది.